సముద్రం దాకా నడిచిన సామ్రాజ్యం

మా సామ్రాజ్యం పిన్ని పరికిణీలు కట్టే వయసులో మగ్గం గుంటలోకి దిగింది. నలభై ఆరో ఏట ఒక మధ్యాహ్నం అందులోంచి పైకి రాలేకపోయింది.

మంగళగిరిలో మా వాళ్ళ ఇళ్ళన్నిటికీ ముందుగదే మగ్గాల గది. నేలలో గొయ్యి తవ్వి, దాని గట్టున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాం. పొద్దున దిగితే అన్నానికి లేవడం, అన్నం తిని దిగితే దీపాలవేళకి లేవడం. పిన్ని ముగ్గురు పిల్లల్ని కన్నది. ప్రతిసారీ పురిటి మైల తీరగానే మళ్ళీ గుంటలోకే వెళ్ళింది. గోడవతల మా ఇంట్లో నేనూ నేస్తూ కూర్చునేదాన్ని కాబట్టి ఆమె నాడె పడుగులో అటూ ఇటూ ఆడే చప్పుడు నాకు రోజంతా వినబడేది. ఆ మధ్యాహ్నం అది ఉన్నట్టుండి ఆగింది. వెంటనే ఒక కేక. నేను పరుగెత్తేసరికి పానకాలు బాబాయి, వాళ్ళబ్బాయి చంకల కింద చేతులేసి ఆమెను పైకి లాగుతున్నారు. కుడి మోకాలు వంగినచోట వంగినట్టే బిగుసుకుపోయింది. రెండు కాళ్ళూ పాదాల నుంచి పిక్కల దాకా దుంగల్లా వాచి ఉన్నాయి.

గుంటూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించారు. ఎముక విరగలేదనీ, ఏళ్ళ తరబడి ఒక్కచోటే కూర్చోవడం వల్ల కీలు పట్టేసిందనీ ఆయన చెప్పాడు. రెండు నెలలు గుంటలోకి దిగకుండా రోజూ కొంచెం కొంచెం ఎక్కువ నడవాలన్నాడు. మందు రాసివ్వకపోయేసరికి బాబాయికి ఆ డాక్టరు మీద నమ్మకం కలగలేదు.

ఇంటికొచ్చాక ఎక్కడ నడవాలన్నదే పెద్ద చిక్కయింది. మా వీధిలో తెల్లవారకముందే పడుగులు చాపుతారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నూలే. దాని కింద నుంచి నడుం వంచుకుని దూరాలి గానీ నిలబడి నడిచే వీల్లేదు. పోనీ బజారు వైపు పోదామంటే, ప్రతి గుమ్మంలోంచీ ఎక్కడికి, ఎందుకు అని అడుగుతారు. ఊరికే నడుస్తున్నానని చెబితే ఆడమనిషికి మతి చలించిందంటారు. అన్నిటికీ మించి, ఇంట్లో కోడలి మగ్గం ఆడుతుంటే పిన్నికి కాళ్ళు నిలిచేవి కావు. వారం తిరక్కుండానే, ఎవరూ లేని సమయం చూసి గుంటలోకి దిగబోయి మళ్ళీ పడింది.

అలాంటప్పుడు మాణిక్యమ్మగారు వచ్చింది. ఆమెది ఒంగోలు దగ్గర బొల్లావులపాలెం. ఒంగోలు అప్పుడు గుంటూరు జిల్లాలోనే ఉండేది. భర్త పోయాక పెద్ద వ్యవసాయం చేయిస్తున్న మనిషి. కూతుళ్ళకీ కోడళ్ళకీ చీరలన్నీ పిన్ని చేతే నేయించుకునేది. ఆ వేళ కూడా చీరలకే వచ్చి, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న పిన్నిని చూసి చీరల మాట మరిచిపోయింది. సంగతంతా విని, "మా తోట బంగళా తాళం వేసి ఉంది. వచ్చి రెండు నెలలు ఉండు. అక్కడ మగ్గం లేదు, నిన్ను ఎరిగినవాళ్ళు లేరు. ఎంత దూరం పోతావో పో" అంది.

ఆమె భర్త బతికి ఉన్న రోజుల్లో పొలం మధ్య ఒక చిన్న ఇల్లు కట్టించాడు. చలికాలంలో మద్రాసు నుంచీ గుంటూరు నుంచీ స్నేహితులు బాతుల షికారుకొచ్చి అక్కడ పది రోజులుండి పోయేవారు. ఆయనతోపాటే ఆ రాకపోకలూ ఆగిపోయాయి.

బాబాయి ఒప్పుకోలేదు. మనం పెళ్ళికో చావుకో తిరుపతికో తప్ప ఊరు కదిలిన మనుషులం కాదని, ఊరికే ఉండటానికి ఊరెళ్ళేవాళ్ళు దొరలని వాదించాడు. పిన్ని వాదించలేదు. ట్రంకుపెట్టెలో రెండు చీరలు, ఒక దుప్పటి పెట్టుకుని, పెట్టె గుమ్మంలో పెట్టి దాని మీద కూర్చుంది. కొడుకు మగ్గం పని తాను చూసుకుంటానని చెప్పి తండ్రినీ బయల్దేరదీశాడు. ఏభై ఏడో సంవత్సరం మాఘమాసంలో ఇద్దరూ రైలెక్కారు. ఒంగోలులో మాణిక్యమ్మగారి గూడుబండి కాచుకుని ఉంది. దాన్ని తోలే ఏసోబు పిన్నిని రెండు చేతులా ఎత్తి బండిలో కూర్చోబెట్టాడు. అంత అవసరమైంది అప్పటికి.

బంగళా అన్నారు గానీ రెండు గదులు, చుట్టూ వరండా, పైన ఎర్రపెంకు. ఊరికి అరమైలు దూరం. ఒక పక్క మిరపతోట, ఒక పక్క పత్తిచేను, మధ్యలో గట్టు మీద బండిబాట. మొదటి రోజు తెల్లవారేసరికి పిన్ని అలవాటు చొప్పున లేచి కూర్చుంది. ఊడవడానికి ముందే ఎవరో ఊడ్చిపోయారు. నీళ్ళు తోడి పెట్టి ఉన్నాయి. మాణిక్యమ్మగారి ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పచ్చడి వచ్చాయి. ఏమీ తోచక వరండాలో కూర్చుని ఏడ్చిందట. చేతులకి పని లేకపోతే ఇంత దిగులుగా ఉంటుందని తెలియదమ్మాయ్ అని తరవాత నాతో చెప్పింది.

ఏడుపయ్యాక లేచి మెట్లు దిగింది. బాబాయి చెయ్యి పట్టుకుని పత్తిచేను గట్టు దాకా వెళ్ళింది. అంతే దూరం. కాయలు పగిలి దూది బయటికి వేలాడుతోంది. జీవితమంతా నూలు పట్టుకున్న మనిషి చెట్టు మీది దూదిని అదే మొదటిసారి చూడటం. మాకు నూలు మిల్లు నుంచి చిలపలుగా, చుట్టలు కట్టి వచ్చేది. అది ఏ చేల్లో పుట్టిందో మేమెవరమూ ఎరగం. పిన్ని ఒక కాయ పట్టుకుని దూది లాగి, వేళ్ళ మధ్య పెట్టి పురి పెట్టింది. లోపలి గింజలు వేలికి తగిలాయి. "ఇంత వెచ్చగా ఉందేంటయ్యా" అంది. ఎండలో ఉంటే వెచ్చగా ఉండదా అన్నాడు బాబాయి. కానీ ఆయన కూడా ఒక కాయ కోసి రొంటిన పెట్టుకున్నాడు.

మర్నాడు మిరపకల్లం దాకా వెళ్ళారు. కల్లమంటే కోసిన కాయలు ఎండబెట్టే చదును నేల. చాప పరిచినట్టు ఎర్రగా, కంటికి ఆనినంత మేరా కాయలే. ఆడవాళ్ళు బారులుగా కూర్చుని రంగు పోయిన తాలుకాయల్ని ఏరి పక్కన పోస్తున్నారు. కొత్తమనిషిని చూసి ఎవరి తాలూకని అడిగారు. ఎవరి తాలూకూ కాదంది పిన్ని. ఏం పని మీద వచ్చావన్నారు. నడవటానికొచ్చానంది. కల్లమంతా గొల్లుమంది. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకి, పిన్నికి నడకామె అని పేరు పడిపోయింది.

నవ్వనిది మాబూబీ ఒక్కతే. పిన్ని ఈడుదే. పగలంతా మిరప ఘాటులో తాలు ఏరుతుంది, అయినా మాట మెత్తన. ఆ సాయంత్రం బంగళాకొచ్చి ఆముదం వెచ్చబెట్టి మోకాలికి రాసి, జిల్లేడాకు వేసి కట్టింది. "అక్కా, నేను రోజూ పొద్దున ఈ గట్టు మీదుగానే కల్లానికి పోతా. నా వెనకమాల రా, తోడుంటా" అంది. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి నడిచేవాళ్ళు. కల్లం దాటి జమ్ముచెరువు దాకా, చెరువు దాటి పొగాకు బ్యారన్ల దాకా. బ్యారన్లంటే పచ్చాకుని వేడి పెట్టి ఆరబెట్టే కొట్లు. వాటిలోంచి వచ్చే తియ్యటి వాసన పిన్నికి నచ్చింది. చెరువులో సన్నకాళ్ళ పక్షులు నీళ్ళ మీద నడిచినట్టు నిలబడటం నచ్చింది. తెల్లటి ఒంగోలు కోడెల్ని కడుగుతుంటే ఆగి చూసేది. ఏదో ఒకటి చూడాలన్న ఆశతో ఇంకో గట్టు దాటేది. వాపు దిగిపోతోందని ముందుగా గమనించింది ఆమె కాదు, బాబాయి. కాలి కడియాలు వదులయ్యాయన్నాడు.

సాయంత్రాలు వరండాలో కూర్చుంటే తూర్పు నుంచి చల్లటి గాలి వచ్చేది. నాలిక మీద ఉప్పగా తగిలేది. అదేం గాలని పిన్ని ఏసోబునడిగింది. సముద్రం గాలమ్మా అన్నాడు. కొత్తపట్నం రేవు ఇక్కడికి పదీ పన్నెండు మైళ్ళన్నాడు. పిన్ని సముద్రం చూడలేదు. మాబూబీ ఆ ఊళ్ళోనే పుట్టి ఆ గాలే పీల్చి పెరిగింది, ఆమె కూడా చూడలేదు. ఆడవాళ్ళకి సముద్రంతో ఏం పని అని ఎవరూ తీసుకెళ్ళలేదట.

మాఘం చివర్లో ఒకరోజు వాన పట్టింది. కాలం కాని వాన. ఊరి పెద్దరైతు బాపయ్యగారి కాయలు కల్లం నిండా పరిచి ఉన్నాయి. తడిస్తే రంగు పోయి, బూజు పట్టి, ఏడాది కష్టం మట్టిలో కలుస్తుంది. కేకలు విని ఊరు ఊరంతా పరుగెత్తింది. పిన్ని కూడా పరుగెత్తింది. తన కాలి సంగతి మరిచిపోయి పరుగెత్తింది. అందరితోపాటు కాయల్ని కుప్పలుగా లాగి, తాటాకులు కప్పి, గోతాలు మోసింది. కాయలు దక్కాయి. తిరిగొస్తుంటే నల్లరేగడి బురదలో జారి పడింది. మోకాలు మళ్ళీ కుండలా వాచింది.

బాబాయి ఆమె పక్కన కూర్చుని, ఇక చాలని, రేపు బండి కట్టించుకుని ఒంగోలు పోయి రైలెక్కుదామని చెప్పాడు.

"నేను రాను" అంది పిన్ని.

"కాలు చూసుకున్నావా?"

"చూసుకున్నా. అది కూర్చుని వాచిన వాపు. ఇది పరుగెత్తి వాచింది. ఇదే తగ్గుద్ది."

బాబాయి తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఆ రోజు గుంటలో నువ్వు పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉందే. అట్టాంటిది మళ్ళీ వినలేను నేను" అన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన తనకి భయమేసిందని చెప్పడం అదే మొదలు. పిన్నికి కాలి నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువగా తగిలింది. ఆయన చెయ్యి తీసి తన మోకాలి మీద పెట్టుకుంది. "అయితే నా పక్కనే నడు. పడితే పట్టుకుందువుగాని" అంది.

రెండో రోజు బాపయ్యగారు తానే బంగళాకొచ్చాడు. ఆరడుగుల మనిషి, కంచు గొంతు. తన కాయల కోసం కాలు పోగొట్టుకుందన్న బాధ ఆయనకి. చెప్పడం చేతగాక గదిమినట్టు పలకరించాడు. పిన్ని ఆ మాటా ఈ మాటా అయ్యాక సముద్రానికి బాట ఎటని అడిగింది. ఎందుకన్నాడు. కాలు తగ్గాక నడిచి పోతానంది. బాపయ్యగారు వరండా కదిలేట్టు నవ్వాడు.

"బండెక్కకుండా?"

"ఎక్కకుండానే."

"నువ్వు బండెక్కకుండా సముద్రం చూసిరా. పందెపుటెడ్లని నా సవారీబండికి కట్టి నిన్ను ఊరంతా తిప్పుతా" అన్నాడాయన.

పిన్ని సరేనంది. ఆ రోజు మాట్లాడింది అంతే. కానీ వాపు తగ్గిన నాటి నుంచి ఆమె నడక మారిపోయింది. ఇంతకుముందు చూడటానికి నడిచేది, ఇప్పుడు చేరడానికి నడిచింది. మాబూబీ కల్లానికి పోయాక కూడా తానొక్కతే చెరువు చుట్టూ తిరిగేది. పొగాకు బ్యారన్లు దాటి తాటితోపు దాకా వెళ్ళి, అక్కడ కాసేపు కూర్చుని వచ్చేది. తాటితోపు కన్నా ముందుకి పోయినరోజు మాణిక్యమ్మగారి ఇంటి ముందాగి, ఇక సముద్రానికి నడుస్తానని చెప్పిగాని బంగళాకి రాలేదు. మాణిక్యమ్మగారు అడ్డు చెప్పలేదు. ఒక్క షరతు పెట్టింది. ఏసోబు ఖాళీబండి తోలుకుని వెనకాల రావాలని, చేతగాకపోతే సిగ్గుపడకుండా ఎక్కాలని.

ఫాల్గుణంలో ఒక తెల్లవారుజామున బయల్దేరారు. పిన్ని, బాబాయి, కూలి మానుకుని వచ్చిన మాబూబీ, వెనకాల ఏసోబు బండి. బండిలో నీళ్ళకుండ, చద్దిమూట. బాబాయి ఈ ప్రయాణం కోసం ఒంగోలులో కొత్త చెప్పులు కొనుక్కున్నాడు. పిన్ని వట్టికాళ్ళతోనే నడిచింది.

పొద్దెక్కేసరికి తాటితోపు వెనకబడింది. అది దాటి కొంత పోయాక అంతా కొత్తనేల. పత్తిచేలల్లో ఏరేవాళ్ళు ఒడి నిండా దూదితో లేచి నిలబడి చూశారు. సంగతి విని కొందరు నవ్వారు, కొందరు గట్టు దాకా వచ్చి సాగనంపారు. పిన్ని ఎక్కడైనా కూర్చుంటే చాలు, బండి వచ్చి పక్కన ఆగేది. "ఎక్కుతావా అమ్మా?" అనేవాడు ఏసోబు. "నువ్వు పద" అనేది పిన్ని. మధ్యాహ్నం వేపచెట్టు నీడన చద్దన్నం తిన్నారు. లేవబోతే మోకాలు పట్టేసింది. మాబూబీ మోకాలి వెనక బొటనవేళ్ళతో నొక్కుతూ కూర్చుంది. బాబాయి అటు తిరిగి నిలబడ్డాడు. బండి వచ్చి ఆగింది. ఈసారి ఏసోబు ఏమీ అడగలేదు. పిన్ని వేపచెట్టు పట్టుకుని లేచింది. మొదటి అడుగుకి కళ్ళనీళ్ళు తిరిగాయట, రెండో అడుగుకీ తిరిగాయట. మూడో అడుగుకి కీలు వదిలిందట.

ఇంకో మైలు పోయాక బాబాయి వెనకబడ్డాడు. కొత్తచెప్పులు కరిచి రెండు మడమలూ పచ్చిపుండయ్యాయి. చెప్పులు చేత్తో పట్టుకుని కుంటుతూ కొంతదూరం వచ్చాడు గానీ ఎండకి బాట కాలుతోంది. బండి ఆయన పక్కన ఆగింది.

"ఎక్కుతావా బాబాయ్?" అన్నాడు ఏసోబు.

బాబాయి పిన్ని వైపు చూశాడు. ఎక్కమంది. ఎక్కి కూర్చున్నాడు. అప్పుడు మాబూబీకి నవ్వొచ్చింది, ఆమెను చూసి పిన్నికి, వాళ్ళిద్దర్నీ చూసి చివరికి బండిలో ఉన్నాయనకి కూడా నవ్వొచ్చింది. గుంటలోంచి ఎత్తి తీసిన మనిషి ముందు నడుస్తోంది. ఎత్తినాయన వెనక బండిలో వస్తున్నాడు.

పొద్దు వాలేవేళకి బకింగ్‌హాం కాలువ చేరారు. దాటించే బల్లకట్టు ఆదెయ్యది. నడుచుకుంటూ వచ్చారని విని ఆయన రేవుకూలి తీసుకోనన్నాడు. ఆయన భార్య ఉడుకునీళ్ళు పెట్టి పిన్ని కాళ్ళు కడిగించింది. ఆ రాత్రికి వాళ్ళ గుడిసెలోనే పడుకున్నారు.

మర్నాడు మిగిలింది కొద్దిదూరమే. కానీ అంతా ఇసక. నల్లరేగడి మీద నేర్చిన నడక ఇక్కడ పనికి రాలేదు. అడుగు వేస్తే కాలు దిగబడుతుంది, లాగితే మోకాలు మెలిపడుతుంది. సరుగుడు చెట్లు రెండు దాటేసరికి పిన్నికి ఒళ్ళంతా చెమట. అప్పుడే చేపల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు కొందరు ఒంగోలు సంతకి ఎదురొస్తున్నారు. వాళ్ళలో పెద్దామె ఆగి చూసి, మడమ మోపొద్దనీ, వేళ్ళతో ఇసకని పట్టుకుంటూ నడవమనీ చెప్పి, బుట్ట దించకుండానే నాలుగడుగులు నడిచి చూపించి పోయింది. పిన్ని అలాగే వేళ్ళతో పట్టుకుంటూ నడిచింది. మగ్గం చెక్కలు తొక్కేది కూడా వేళ్ళతోనే కాబట్టి ఆ పట్టు ఆమె వేళ్ళకి తెలుసు. బాబాయి బండి దిగి, పుండు మడమల మీద గుడ్డ చుట్టుకుని పక్కన నడిచాడు. దిబ్బ ఎక్కేటప్పుడు చెయ్యి ఇచ్చాడు. పిన్ని పట్టుకుంది.

దిబ్బ మీదికి చేరగానే ఎదురుగా సముద్రం.

పిన్ని చెరువు కన్నా పెద్దదని విన్నది గానీ, చెరువుకి అవతలి గట్టు ఉంటుంది. దీనికి లేదు. "ఇంత పడుగు పరిచి అంచు వెయ్యలేదేంటయ్యా?" అంది.

బాబాయి చెయ్యి చాపి ఒడ్డున విరిగే నురగ చూపించాడు. "అదుగో, తెల్లంచు" అన్నాడు.

పిన్ని దిబ్బ దిగి నీళ్ళలోకి నడిచింది. అల వచ్చి మోకాళ్ళ దాకా తడిపింది. రెండో అల తోసేసింది. కూలబడి, ఉప్పునీళ్ళు మింగి, లేచి, మళ్ళీ పడి, మళ్ళీ లేచింది. ఎన్నిసార్లు పడ్డా తనంతట తానే లేస్తున్నందుకు ఆమెకి సంతోషం పట్టరానిదయింది. మాబూబీ మిరపకాయల మంట వదలని తన అరచేతుల్ని నీళ్ళలో పెట్టి, వెనక్కి తీయకుండా అలాగే కూర్చుంది. వలలు లాగేవాళ్ళు వీళ్ళని చూసి ముందు ఎవరో నీళ్ళపాలైనవాళ్ళనుకుని పరుగెత్తుకొచ్చారు. సంగతి తెలిశాక ఇసకలో మంట వేసి చేపలు కాల్చి పెట్టారు. ఏసోబు ఎడ్లని కూడా అలల దాకా తీసుకెళ్ళి కాళ్ళు తడిపించాడు.

తిరుగు ప్రయాణంలో అందరూ బండెక్కారు. ఊరి పొలిమేరలో బాపయ్యగారు ఎదురొచ్చి, వీళ్ళని పలకరించకుండా ముందు ఏసోబునడిగాడు, పోయేటప్పుడు ఆమె బండెక్కిందా అని. ఏసోబు ఎక్కలేదన్నాడు. ఎక్కింది బాబాయని చెప్పాడు. బాపయ్యగారు ఆ సాయంత్రమే పందెపుటెడ్ల కొమ్ములకి రంగు వేయించి, మువ్వలు కట్టించి, సవారీబండి తానే తోలుకొచ్చాడు. పిన్ని తానొక్కతే ఎక్కనని, మాబూబీని పక్కన కూర్చోబెట్టుకుంది. కల్లం పక్కనుంచి బండి పోతుంటే, మొదటిరోజు గొల్లున నవ్విన ఆడవాళ్ళంతా తాలు ఏరడం ఆపి లేచి నిలబడ్డారు. అప్పుడూ నడకామె అనే పిలిచారు. ఈసారి అది బిరుదులా వినబడిందంది పిన్ని.

మంగళగిరి రైల్వేస్టేషన్లో వాళ్ళు దిగిన రోజు నేను వెళ్ళాను. ఏసోబు ఎత్తి బండెక్కించిన మనిషి రైలు మెట్లు దిగి, ట్రంకుపెట్టె తానే పట్టుకుని వచ్చింది. ఆ తరవాత కూడా నేసింది. నేయడం మానితే బతుకు లేదు, మానాలనీ ఆమెకి లేదు. అయితే పూటకొకసారి గుంటలోంచి లేచి, పడుగులు చాపని వెనకదారిన కొండ మెట్ల దాకా పోయి వచ్చేది. ఎక్కడికని అడిగితే నడవటానికని చెప్పేది. కొన్నాళ్ళకి అడగడం మానేశారు. ఇంకొన్నాళ్ళకి నేనూ, ఎదురింటి శివపార్వతీ, మరికొందరమూ ఆమె వెనక నడవసాగాం. బాబాయి సొసైటీ ఆఫీసులో నూలు కోసం వరసలో నిలబడ్డప్పుడల్లా, తాను బండెక్కిన సంగతి దాచకుండా, ఈ కథ చెప్పేవాడు.

ప్రతి మాఘంలోనూ పిన్ని తోట బంగళాకి వెళ్ళింది. ఏటేటా వెంట వెళ్ళేవాళ్ళు పెరిగారు. అరవై నాలుగులో నేను వెళ్ళాను. రెండు గదులూ వరండా నిండిపోయి కొందరం కల్లం పక్క పాకలో పడుకున్నాం. మగ్గం తప్ప లోకం ఎరగని ఆడవాళ్ళం పత్తిచేలల్లో దారి తప్పాం, జమ్ముచెరువులో తామరకాడలు పీకాం, బ్యారన్ల దగ్గర తుమ్ములు తుమ్మాం. బయల్దేరే తెల్లవారుజామున మాణిక్యమ్మగారు మమ్మల్ని సాగనంపడానికి తన గూడుబండిలో తాటితోపు దాకా వచ్చింది. వెనక్కి తిప్పమని చెప్పాల్సినచోట చెప్పలేదు. తెర తొలగించి, మమ్మల్ని చూస్తూ చూస్తూ కాలువ దాకా వచ్చింది. ఆదెయ్య గుడిసెలో మాతోపాటే పడుకుంది. మర్నాడు ఇసక మొదలైనచోట బండి ఆపమని, ఏసోబు భుజం పట్టుకుని కిందికి దిగింది.

అరవై దాటిన మనిషి. పెద్దింటి కోడలిగా వచ్చిననాటి నుంచి ఆమె ఆ ఊరి వీధిలో కాలు మోపలేదని, గుడికి కూడా బండిలోనే పోయేదని మాబూబీ నా చెవిలో చెప్పింది. రెండడుగులకే ఆయాసపడి ఆగింది. పిన్ని వెనక్కి వచ్చి ఆమె ముందు నిలబడింది.

"మడమ మోపకండి మాణిక్యమ్మగారూ. వేళ్ళతో పట్టుకోండి ఇసకని."

"రావట్లేదు సామ్రాజ్యం."

"వస్తది. నా చెయ్యి పట్టుకోండి."

ఒక చెయ్యి పిన్ని, ఒక చెయ్యి మాబూబీ పట్టుకున్నారు. మిగతావాళ్ళం మా నడక తగ్గించుకుని చుట్టూ నడిచాం. ఎవరమూ తొందరపెట్టలేదు. ఎండ ఎక్కింది, చీరచెంగులు తలకి చుట్టుకున్నాం. ఎంతసేపు పట్టిందో మాకు తెలియదు. దిబ్బ మీదికి చేరాక మాణిక్యమ్మగారు వాళ్ళ చేతులు వదిలించుకుంది. కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. మేమింకా ఊపిరి తీసుకుంటూ నిలబడి ఉండగానే, మా అందరికన్నా ముందు తానే దిబ్బ దిగి నీళ్ళ వైపు వెళ్ళిపోయింది.